పొలం గమనికకు ట్రైపాడ్: తేలికగా ఉండాలి, కదలకుండా నిలవాలి



పై వీడియోలో మూడు రకాల ట్రైపాడ్‌లను గట్టు మీద నిలబెట్టి చూపించాను. చేత్తో చూపిస్తే విషయం అర్థమవుతుంది గానీ కొలతలు గుర్తుండవు. అందుకే ఆ కొలతలు, వాటి వెనకున్న కారణాలు ఇక్కడ పాఠంలా రాస్తున్నాను. కొనే ముందు ఒకసారి చదవండి. దుకాణానికి వెళ్ళినప్పుడు ఫోన్‌లో తెరిచి పెట్టుకోండి.

"ప్రకృతి వ్యవసాయానికి, ట్రైపాడ్‌కి ఏం సంబంధం?" అని అడిగేవాళ్ళు ఉంటారు. సంబంధం చాలా ఉంది. రసాయన సేద్యంలో చాలామంది తేదీ చూసి మందు కొడతారు. మనం పొలాన్ని చూసి నిర్ణయం తీసుకుంటాం. ఏ పురుగు ఉంది, దాన్ని తినే పురుగు ఉందా, పక్షులు వాలుతున్నాయా, అడవి పంది ఏ వైపు నుంచి వస్తోంది, ఇవన్నీ చూసిన తర్వాతే కషాయమైనా, కంచె అయినా. కాబట్టి మనకు చూపే పెట్టుబడి. ఆ చూపు కదిలిపోతే నిర్ణయం కూడా తప్పిపోతుంది.

కదిలే వీడియోతో వచ్చే నష్టం

మా రైతుల గుంపులో ఒక తమ్ముడు మిరప ఆకు మీద పురుగుని ఫోన్‌తో తీసి పంపాడు. చేత్తో పట్టుకొని తీశాడు, అంతా మసక. నల్లగా, పొడవుగా, చిన్న మొసలి ఆకారంలో ఏదో కదులుతోంది అని మాత్రమే తెలుస్తోంది. అది చూసి ఒకరు "అగ్నాస్త్రం కొట్టెయ్ తమ్ముడూ" అన్నారు, ఇంకొకరు "ఇవాళే కొట్టు, రేపటికి చేనంతా పాకుతుంది" అన్నారు. నేను "ఒక్క పూట ఆగి, రేపు పొద్దున్నే గాలి లేనప్పుడు ఫోన్‌ని స్టాండ్‌కి బిగించి మళ్ళీ తియ్యి" అన్నాను.

మర్నాడు తీసిన వీడియోలో స్పష్టంగా కనిపించింది. అది అక్షింతల పురుగు పిల్ల. ఆ ఆకు మీద పేనుబంకను ఒక్కొక్కటే పట్టి తింటోంది. పక్కనే కొన్ని పేనుబంక పురుగులు ఉబ్బి, గోధుమ రంగులోకి మారి ఉన్నాయి. కొన్నింటి వీపు మీద గుండ్రటి చిల్లు కూడా ఉంది. అంటే పరాన్నజీవి కందిరీగ వాటిలో గుడ్లు పెట్టి, లోపల పెరిగిన కొత్త కందిరీగ బయటికి వచ్చేసిందన్నమాట. ముందు రోజు కషాయం కొట్టి ఉంటే ఆ మిత్ర పురుగులన్నీ పోయేవి. కషాయం మనం చేసుకున్నదే అయినా దానికి మిత్రుడు, శత్రువు అని తేడా తెలియదు. ఆ తేడా మన కంటికే తెలియాలి.

ఇక్కడ కాపాడింది ఖరీదైన కెమెరా కాదు. అదే ఫోన్. తేడా అల్లా అది కదలకుండా నిలవడమే.

వేటగాళ్ళు నేర్పిన విద్య

తేలికగా ఉండి గట్టిగా నిలిచే ట్రైపాడ్ గురించి బాగా ఆలోచించినవాళ్ళలో అమెరికా వేటగాళ్ళు ముందుంటారు. ముఖ్యంగా పడమటి ఎడారి కొండల్లో, అరిజోనా లాంటి రాష్ట్రాల్లో, కూస్ అనే చిన్న జాతి జింక కోసం వెళ్ళేవాళ్ళు. ఆ జింక బూడిద రంగులో రాళ్ళలో కలిసిపోతుంది. అందుకని వాళ్ళు తిరగడం తగ్గించి, ఒకచోట కూర్చొని బైనాక్యులర్‌ని ట్రైపాడ్‌కి బిగించి గంటల తరబడి ఎదుటి కొండను చూస్తారు. సామాను అంతా వీపు మీద మోసుకొని కొండ ఎక్కాలి కాబట్టి తేలికగా ఉండాలి. కొండ మీద గాలికి వణకకూడదు. కొంతమంది అదే ట్రైపాడ్ మీద తుపాకీ కూడా ఆనించి గురి చూస్తారు.

మన దేశంలో వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుని వేటాడటం నేరం. పంట పాడుచేసే జంతువు విషయంలో కూడా అటవీ శాఖ అనుమతితో జరగాల్సిందే గానీ సొంతంగా చేసే పని కాదు. మన దగ్గర షూటింగ్ అంటే వీడియో తీయడమే. కానీ వాళ్ళ అవసరం, మన అవసరం ఒకటే: మోసుకెళ్ళేటప్పుడు బరువు ఉండకూడదు, నిలబెట్టాక కదలకూడదు. కాబట్టి వాళ్ళ విద్యలో మనకు పనికొచ్చేది తీసుకుందాం.

మూడు కాళ్ళే ఎందుకు?

ఇంట్లో నాలుగు కాళ్ళ మంచం ఎగుడుదిగుడు నేల మీద వేస్తే ఒక కాలు గాల్లో ఉంటుంది, కింద చెక్క ముక్క పెట్టాలి. ముక్కాలి పీటకు ఆ బాధ లేదు. ఏ నేల మీద పెట్టినా మూడు కాళ్ళూ ఆనతాయి. మూడు బిందువుల మీద ఒక తలం ఎప్పుడూ కుదురుతుంది, నాలుగో బిందువు వస్తేనే పేచీ. పొలం గట్టు ఎక్కడా సమానంగా ఉండదు కాబట్టి మనకు మూడు కాళ్ళే సరి.

అయితే మూడు కాళ్ళ వస్తువు ఆనుతుంది గానీ పడిపోదని కాదు. బరువు మధ్యబిందువు ఆ మూడు పాదాల మధ్య త్రిభుజం లోపల ఉన్నంతసేపే నిలుస్తుంది. బయటికి జరిగితే ఒరిగిపోతుంది. కాళ్ళు వెడల్పుగా చాపితే ఆ త్రిభుజం పెద్దదవుతుంది. ఎత్తు తగ్గిస్తే ఒరిగే అవకాశం తగ్గుతుంది. మిగతా పాఠమంతా ఈ రెండు మాటల చుట్టూనే ఉంటుంది.

బరువుని కాదు, బిగువుని చూడండి

దుకాణంలో చాలామంది ట్రైపాడ్‌ని చేత్తో ఎత్తి చూసి "బరువుగా ఉంది, గట్టిదే" అంటారు. బరువు ఎక్కడ ఉందో చూడాలి. పెద్ద తల, పొడవాటి మధ్య కడ్డీ, లోహపు పిడులు, ఇవన్నీ బరువే, కానీ వణుకుని ఆపవు. వణుకుని ఆపేది కాళ్ళ బిగువు. దాన్ని నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి.

*ఒకటి, గొట్టం లావు.* వెదురు గడని చూడండి. లోపల బోలు, అయినా వంగదు. అదే బరువున్న సన్నటి నిండు కర్ర వంగిపోతుంది. ట్రైపాడ్ కాలు కూడా అంతే. గొట్టం గోడ మందం అంతే ఉంచి వ్యాసం 22 మి.మీ. నుంచి 28 మి.మీ.కి పెంచితే బరువు పావు వంతు పైచిలుకు పెరుగుతుంది, వంగకుండా నిలిచే శక్తి మాత్రం దాదాపు రెండింతలవుతుంది. ఇంత లాభసాటి బేరం ట్రైపాడ్‌లో ఇంకోటి లేదు. పై గొట్టం వ్యాసం ఎంత అని తప్పకుండా అడగండి.

*రెండు, కాలికి ఎన్ని ముక్కలు.* కాళ్ళు ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలుగా ఉంటాయి. 3 ముక్కలవి, 4 ముక్కలవి, 5 ముక్కలవి దొరుకుతాయి. ముక్కలు పెరిగితే మడిచినప్పుడు పొట్టిగా సంచిలో పడుతుంది. కానీ ఒక్కో ముక్కకి గొట్టం సన్నబడుతుంది. 5 ముక్కల దానిలో ఆఖరి గొట్టం పెన్సిల్ కన్నా కాస్త లావుగా ఉంటుంది. పైగా ప్రతి కీలు దగ్గరా కొంచెం కదలిక ఉంటుంది. మనం విమానం ఎక్కించం, భుజాన వేసుకొని పొలానికి వెళ్తాం. కాబట్టి మనకు 3 ముక్కలవి మేలు, 4 ముక్కలు దాటవద్దు.

*మూడు, మధ్య కడ్డీ.* మూడు కాళ్ళ మధ్యలో పైకి లేపే కడ్డీ ఉంటుంది. దాన్ని లేపితే అది ఒంటి కాలి స్టాండ్ అయిపోతుంది. ఒక చివర బిగించిన కడ్డీ పొడవు రెట్టింపైతే, అదే తోపుకి అది 8 రెట్లు వంగుతుంది. 10 సెం.మీ. లేపినప్పటి వణుకు 20 సెం.మీ. లేపితే ఎలా ఉంటుందో మీరే ఊహించండి. కడ్డీ లేనిది దొరికితే తీసుకోండి. ఉన్నదైతే పూర్తిగా దించి వాడండి. కడ్డీ ఊడదీసే వీలు ఉంటే ఇంకా మంచిది, తలని నేరుగా కాళ్ళ మీద బిగించుకోవచ్చు, బరువూ తగ్గుతుంది, నేలకు దగ్గరగా దించుకోవచ్చు.

*నాలుగు, ఎత్తు.* ఇక్కడే మన డబ్బు వృథా అయ్యేది. డబ్బా మీద "170 సెం.మీ." అని రాసి ఉంటే పెద్దది కదా అని కొంటాం. మన పని ఏ ఎత్తులో ఉంటుందో లెక్క వేసుకుందాం. నేల మీద కూర్చున్న మనిషి కన్ను సుమారు 75 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. చిన్న పీట మీద కూర్చుంటే మీటరుకి అటు ఇటు. మిరప, వేరుశనగ, వరి దుబ్బు, కూరగాయలు, వీటి మీద పురుగుని తీయాలంటే 20 నుంచి 100 సెం.మీ. లోపే. నిలబడి బైనాక్యులర్‌లో చూడాలంటే మాత్రం 150 సెం.మీ. దాకా కావాలి. అందులోనూ తల, బిగింపు పలక కలిపి 15 సెం.మీ. వరకు ఇస్తాయి. కాబట్టి కడ్డీ లేపకుండా కాళ్ళే 135 సెం.మీ. వస్తే నిలబడి చూడటానికి సరిపోతుంది. కూర్చొని చూసేవాళ్ళకి ఆ పొడవు కూడా అక్కర్లేదు.

నాలుగూ కలిపితే వచ్చే సూత్రం ఇది: ఎత్తు కోసం డబ్బు పెట్టకండి, లావు కోసం పెట్టండి. ఒకే బరువున్న రెండు ట్రైపాడ్‌లు ముందుంటే, పొట్టిగా లావుగా ఉన్నది తీసుకోండి. తేలికా, బిగువూ రెండూ కావాలంటే వదులుకోవాల్సింది ఎత్తునే. మనం కూర్చొని చూస్తాం కాబట్టి ఆ వదులుకోవడం మనకు నష్టం కాదు.

అల్యూమినియమా, కార్బన్ ఫైబరా?

కార్బన్ ఫైబర్ కాళ్ళు అల్యూమినియం కన్నా తేలిక. తట్టినప్పుడు పుట్టే వణుకుని త్వరగా మింగేస్తాయి. ఎండలో అల్యూమినియంలా చేతికి కాలవు. ధర ఎక్కువ. దెబ్బ తగిలితే అల్యూమినియం సొట్ట పడుతుంది, కార్బన్ ఫైబర్ పగులుతుంది. పగిలిన దాన్ని మన ఊళ్ళో బాగు చేసేవాళ్ళు ఉండరు.

నా సలహా ఏమిటంటే, రోజూ భుజాన వేసుకొని రెండు మూడు కిలోమీటర్లు నడిచేవాళ్ళు, కొండ పొలాలవాళ్ళు కార్బన్ ఫైబర్ గురించి ఆలోచించండి. బండి మీద గట్టు దాకా వెళ్ళేవాళ్ళకి అల్యూమినియం చాలు. మిగిలిన డబ్బు మంచి తల మీద పెట్టండి. బైనాక్యులర్‌కి, ఫోన్‌కి అయితే కాళ్ళు, తల కలిపి కిలోన్నర దగ్గర ఉన్నది సరిపోతుంది.

"8 కిలోలు మోస్తుంది, 10 కిలోలు మోస్తుంది" అని డబ్బా మీద రాసే అంకెను పట్టించుకోకండి. దాన్ని కొలిచే పద్ధతి అందరు తయారీదారులకీ ఒకటే కాదు. విరగకుండా మోయడం వేరు, కదలకుండా నిలపడం వేరు. 42 మి.మీ. అద్దాల బైనాక్యులర్ ముప్పావు కిలో అటు ఇటు ఉంటుంది, ఫోన్ పావు కిలో లోపే. మన బరువులు చిన్నవి. మనకు కావాల్సింది వణుకు లేకపోవడం.

తల: మూడు రకాలు

కాళ్ళ మీద, మన వస్తువు కింద ఉండే భాగాన్ని హెడ్ అంటారు. మనం తల అందాం.

*బాల్ హెడ్:* లోపల గుండు ఉంటుంది. ఒక్క మర వదిలితే ఎటైనా తిరుగుతుంది. చిన్నది, తేలిక. ఆకు కింద ఫోన్ పెట్టి పురుగుని తీయడానికి ఇదే సులువు. కానీ మర వదలగానే బరువైన వస్తువు దభీమని ఒరిగిపోతుంది, వేళ్ళు నలుగుతాయి. ఎప్పుడూ ఒక చేత్తో వస్తువుని పట్టుకొనే వదలండి.

*పాన్ హెడ్:* పిడి ఉంటుంది. పక్కకి తిప్పడం వేరు, పైకి కిందకి వంచడం వేరు. బైనాక్యులర్‌తో చేను ఆ చివర నుంచి ఈ చివర దాకా వరసగా చూడటానికి బాగుంటుంది.

*ఫ్లూయిడ్ హెడ్:* ఇదీ పిడి ఉన్నదే, లోపల చిక్కటి జిడ్డు పదార్థం వల్ల కుదుపు లేకుండా మెత్తగా తిరుగుతుంది. వీడియో తీసేవాళ్ళకి, ఎగిరే పక్షిని వెంటాడేవాళ్ళకి ఇది మేలు. పేరుకి ఫ్లూయిడ్ అని రాసి మామూలు రాపిడితో తిరిగేవి కూడా అమ్ముతారు. నెమ్మదిగా తిప్పి చూడండి. మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు జర్క్ ఇస్తే అది అసలైనది కాదు.

ఒక్కటే కొనగలిగితే, పురుగులు ఎక్కువగా తీసేవాళ్ళు బాల్ హెడ్, పక్షుల్ని, జంతువుల్ని చూసేవాళ్ళు చిన్న ఫ్లూయిడ్ హెడ్ తీసుకోండి.

బిగింపు మర: దీన్ని గుర్తుపెట్టుకుంటే డబ్బు మిగులుతుంది

ట్రైపాడ్ తల మీద ఉండే మర దాదాపు ప్రపంచమంతా ఒకటే: పావు అంగుళం లావు, అంగుళానికి 20 చుట్లు. ఫోన్ పట్టుకునే క్లిప్పుకీ, కెమెరాకీ అదే. చాలా బైనాక్యులర్లకి ముందు వైపు, రెండు గొట్టాల మధ్య ఇరుసు దగ్గర చిన్న మూత ఉంటుంది. ఆ మూత విప్పితే లోపల అదే కొలత మర ఉంటుంది. దానికి ఎల్ ఆకారపు అడాప్టర్ బిగించి ట్రైపాడ్ మీద పెట్టుకోవాలి. బైనాక్యులర్ కొనేటప్పుడే ఆ మూత ఉందో లేదో చూసుకోండి. లేకపోతే పట్టీతో కట్టే అడాప్టర్ వెతుక్కోవాలి.

ఇనుప సామాన్ల దుకాణంలో పావు ఇంచి బోల్టు దొరుకుతుంది, సొంతంగా స్టాండ్ చేసుకునేవాళ్ళకి పనికొస్తుంది. 6 ఎం.ఎం. బోల్టు చూడటానికి అలాగే ఉంటుంది గానీ చుట్లు కలవవు. బలవంతంగా తిప్పితే లోపలి మర పాడైపోతుంది.

త్వరగా పెట్టి తీయడానికి ఆర్కా-స్విస్ అనే రకం పలక ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉంది. సుమారు 38 మి.మీ. వెడల్పు, వాలు అంచులు. ఈ రకం తీసుకుంటే రేపు పలక పోయినా వేరే తయారీదారు పలక దొరుకుతుంది. ఒక్కరే తయారుచేసే వింత ఆకారపు పలక పోతే మొత్తం తల పక్కన పడెయ్యాల్సి వస్తుంది.

దుకాణంలో రెండు నిమిషాల పరీక్ష

1. కాళ్ళు పూర్తిగా చాపండి, మధ్య కడ్డీ లేపకండి. తల మీద అరచెయ్యి పెట్టి కిందకి నొక్కండి. కాళ్ళు జారిపోతే తాళాలు బలహీనం.

2. తలని పట్టుకొని తాళం తిప్పినట్టు కుడికి, ఎడమకి మెలిపెట్టండి. కాళ్ళు కలిసే చోట కటకటలాడితే వద్దు. గాలికి ముందు కదిలేది అక్కడే.

3. మీ ఫోన్ బిగించి, వీడియో పెట్టి, జూమ్ బాగా పెంచి దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు చూడండి. కాలిని వేలితో ఒకసారి తట్టండి. అక్షరాలు మళ్ళీ నిలవడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టండి. రెండు ట్రైపాడ్‌లకీ ఇదే చేయండి. ముందుగా నిలిచినదే మంచిది. డబ్బా మీద అంకెల కన్నా ఈ పరీక్ష నమ్మదగింది.

4. కాళ్ళని మామూలు కోణం కన్నా వెడల్పుగా చాపే వీలుందా చూడండి. నేలకు జానెడు ఎత్తు దాకా దిగితే వరి దుబ్బు మొదట్లో సుడిదోమని చూడటానికి పనికొస్తుంది.

5. తాళాలు రెండు రకాలు. చేత్తో తిప్పేవి, మీట నొక్కేవి. తిప్పేవి పొందికగా ఉంటాయి, ఇసుక దూరితే గరగరమంటాయి, విప్పి కడుక్కోవాలి. మీట రకం తడి చేతితో కూడా తేలిక, కానీ వదులైతే మర బిగించుకోవాలి. ఏదైనా మీ చేత్తో మీరే పదిసార్లు తీసి పెట్టి చూడండి.

గట్టు మీద నిలబెట్టే పద్ధతి

మంచి ట్రైపాడ్ కొని, నిలబెట్టడం తెలియకపోతే ఫలితం ఉండదు. వీడియోలో చూపించిన వరస ఇది.

ముందు లావు గొట్టాన్ని లాగండి, సన్నవి అవసరమైతేనే. వాలు ఉన్నచోట రెండు కాళ్ళు దిగువకి, ఒక కాలు ఎగువకి పెట్టండి. చదును మీద అయితే బరువు ఏ వైపు వాలుతోందో ఆ వైపు ఒక కాలు రావాలి. పాదం పెట్టాక ఒక్కో కాలినీ నేలలోకి కొంచెం అదమండి. నేల గట్టిగా ఉంటే రబ్బరు పాదం, మెత్తగా ఉంటే ముల్లు పాదం. రెండూ మార్చుకునేవి ఉంటే మంచిది.

మడిలో బురద ఉంటే ముల్లు పాదం కూడా దిగిపోతూ ఉంటుంది, నిమిషానికోసారి చూపు వాలిపోతుంది. ఒక్కో కాలి కింద పలక రాయి గానీ, కొబ్బరి చిప్ప గానీ పెట్టండి. బరువు పరుచుకొని దిగదు.

గాలి ఉన్నప్పుడు తల కింద కొక్కేనికి ఒక సంచి తగిలించి మూడు, నాలుగు కిలోల మట్టి పొయ్యండి. తేలిక ట్రైపాడ్‌కి ఇదే అసలు రహస్యం: బరువుని ఇంటి నుంచి మోయకండి, పొలంలోనే నింపుకోండి. సంచి గాల్లో ఊగితే మళ్ళీ అదే వణుకు. అందుకని సంచి అడుగు నేలకు ఆనీ ఆననట్టు ఉండేలా తాడు పొడవు పెట్టండి.

వీడియో తీసేటప్పుడు తెర మీద బటన్ నొక్కితే ఆ నొక్కుడుకే వణుకు వస్తుంది. నొక్కి, రెండు సెకన్లు ఆగి చూడటం మొదలుపెట్టండి, లేదా ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్‌తో పనిచేసే ఫోన్ అయితే దాంతో నొక్కండి. ఇంకో మాట: ట్రైపాడ్ ఫోన్‌ని ఆపుతుంది గానీ ఆకుని ఆపదు. దగ్గర నుంచి తీసే లెన్స్ పెడితే స్పష్టంగా కనిపించే లోతు కొన్ని మిల్లీమీటర్లే. పొద్దున్నే గాలి లేనప్పుడు తీయండి, కాడకి బట్టల క్లిప్పు పెట్టి చిన్న పుల్లకి ఆనించండి.

కరెంటు దగ్గర జాగ్రత్త

అల్యూమినియం, కార్బన్ ఫైబర్ రెండూ కరెంటుని పోనిస్తాయి. కార్బన్ ఫైబర్ నల్లగా ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది కాబట్టి "దీనికి షాక్ కొట్టదు" అనుకునే ప్రమాదం ఉంది. చేలలో కిందకి వేలాడే తీగలు మనకు తెలుసు. కాళ్ళు చాపిన ట్రైపాడ్‌ని భుజాన నిలువుగా పెట్టుకొని తీగల కింద నడవకండి, మడిచి అడ్డంగా పట్టుకోండి. సోలార్ కంచెకు ఆనించకండి. మెరుపులు మొదలైతే ట్రైపాడ్ అక్కడే వదిలేసి రండి, వస్తువు పోతే కొనుక్కోవచ్చు.

అడవి పందుల కోసం కొందరు కంచెకు నేరుగా కరెంటు పెడుతున్నారు. అది నేరం, దాని వల్ల మన ఊళ్ళలో మనుషులే చనిపోతున్నారు. రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్ళే పొరుగు రైతు ఆ తీగ తొక్కుతాడు. పంది ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూసి తెలుసుకుంటే చేనంతా కంచె వేసే పని తగ్గుతుంది. ఆ చూడటం ఎలాగో ఇప్పుడు చెప్తాను.

కూర్చొని చూసే పద్ధతి

8 రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్ చేతి వణుకుని కూడా 8 రెట్లు చేస్తుంది, 10 అయితే 10 రెట్లు. ట్రైపాడ్ మీద పెడితే అదే బైనాక్యులర్ కొత్తదిలా అనిపిస్తుంది. జంతువు చెవి కదిలినా, గడ్డి ఒక్కచోట మాత్రమే ఊగినా పట్టుబడుతుంది.

పొద్దుగూకే ముందు గాలికి ఎదురుగా, చేనుకి దూరంగా, మంచె మీదో గట్టు మీదో కూర్చోండి. చూపుని ఊరికే తిప్పకండి. ఒకచోట ఆపి, బైనాక్యులర్ కదపకుండా మీ కళ్ళతో ఆ గుండ్రం లోపల ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందకి చూడండి. తర్వాత పిడితో కొంచెం జరిపి, ముందు చూసిన దానిలో కొంత భాగం కలిసేలా మళ్ళీ ఆపండి. మొదట దగ్గర, తర్వాత దూరం. దుక్కిలో సాలు పక్కన సాలు వేసినట్టు, మధ్యలో బీడు మిగలకూడదు.

వరసగా కొన్ని సాయంత్రాలు చూసి, పందులు చేనులోకి దిగే చోట్లు కాగితం మీద గీసుకోండి. సాధారణంగా అవి వాడుక దారుల్లోనే వస్తాయి. ఆ వైపు ఆముదం, కుసుమ లాంటి సరిహద్దు సాళ్ళు ఒత్తుగా వేసుకోవచ్చు, కాపలా ఆ మూలనే పెట్టుకోవచ్చు. జంతువు కనిపిస్తే దగ్గరికి వెళ్ళకండి, ముఖ్యంగా పిల్లలతో ఉన్న పంది దగ్గరికి.

పగలు ఇదే పద్ధతిలో పక్షి స్థావరాలను చూడండి. మనం నాటిన టీ ఆకారపు కర్ర మీద పసుల పోలిగాడు వాలి, ఎగిరి పురుగుని పట్టి మళ్ళీ అక్కడికే వస్తుంది. అరగంటలో ఎన్నిసార్లు పట్టిందో లెక్క రాయండి. ఏ కర్ర మీద అసలు వాలడం లేదో తెలిస్తే దాన్ని ఇంకో చోటికి మార్చవచ్చు.

డబ్బు తక్కువైతే

ఎప్పుడూ ఒకేచోట కూర్చొని చూసేవాళ్ళు మూడు వెదురు గడలు పై భాగంలో తాడుతో బిగించి కట్టండి, కాళ్ళు చాపి నేలలో పాతండి. పైన చెక్క ముక్క, దానికి పావు ఇంచి బోల్టు, దాని మీద చిన్న బాల్ హెడ్. దీని బిగువు కొన్న వాటికి ఏమీ తీసిపోదు. మోయలేం, అంతే తేడా.

తిరుగుతూ చూసేవాళ్ళు రెండు కర్రలు కత్తెరలా కట్టి మధ్యలో బైనాక్యులర్ ఆనించండి. వేటగాళ్ళూ ఇది వాడతారు. చేతికర్ర మీద పిడికిలి పెట్టి దాని మీద ఆనించినా వణుకు సగానికి సగం తగ్గినట్టు ఉంటుంది. రైతు గుంపులో పదిమంది కలిసి ఒక మంచి ట్రైపాడ్ కొనుక్కోవడం ఇంకో దారి. రోజూ అందరికీ అవసరం పడదు కదా.

వాడాక బురద కడిగి, కాళ్ళు పూర్తిగా చాపి నీడలో ఆరబెట్టి మడవండి. తడితో మడిస్తే కీళ్ళు బిగుసుకుంటాయి.

ఈ వారం పని

కొనకముందే చేయగలిగిన పని ఒకటి చెప్తాను. మీ ఫోన్‌తో ఒకే ఆకుని రెండుసార్లు తీయండి, ఒకసారి చేత్తో పట్టుకొని, ఇంకోసారి ఇటుకల మీద ఆనించి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండో దానిలో మీరు గుర్తుపట్టిన పురుగులు ఎన్ని, మొదటి దానిలో ఎన్ని అని రాసుకోండి. ఆ తేడా మీ చేనుకి ఎంత విలువో తెలిస్తే ట్రైపాడ్ మీద ఎంత ఖర్చు పెట్టాలో మీకే తెలుస్తుంది.

తీసిన వీడియోలో ఏ పురుగో తెలియకపోతే కషాయం కలపడానికి ముందు గుంపులో అడగండి. వచ్చే పాఠంలో మిరప, కంది చేలలో కనిపించే మిత్ర పురుగుల పిల్ల దశలను ఒక్కొక్కటిగా చూద్దాం.